పేజీ తెరిచి అడుగు

హనుమకొండ

బిడ్డా,

అమెరికా కామిక్ రచయితతో నువ్వు చేయబోయే ఆడియో ఇంటర్వ్యూ కోసం పంపిన నలభై ప్రశ్నల కాయితం రెండుసార్లు చదివిన. అందులో ఆరు ఉంచుకుని మిగతావి కొట్టెయ్. "మీకు స్ఫూర్తి ఎవరు?", "మీకిష్టమైన హీరో ఎవరు?", "వీళ్లిద్దరికీ కొట్లాట పెడితే ఎవరు గెలుస్తరు?" అనేవి నలభై ఏండ్లు సూపర్‌హీరో కథలు రాసిన మనిషి వందలసార్లు విన్న ప్రశ్నలు. నువ్వు సగం అడగంగనే ఆయన నోరు పాత జవాబు అందుకుంటది, జ్ఞాపకం మాత్రం కదలదు. నీకు కావాల్సింది ఆ జ్ఞాపకం. అది కదలాలంటే ఆయన రాసిన ఒక పేజీ తెరిచి, అందులో ఒక బొమ్మ గడి మీద వేలు పెట్టి అడగాలె.

ముందుగాల ఆ పేజీ ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో తెలుసుకో. అమెరికా నెలవారీ కామిక్ పుస్తకంలో కథ సాధారణంగా 20 నుంచి 22 పేజీలు. రచయిత రాస్తడు, ఒకరు పెన్సిల్‌తో గీస్తరు, ఇంకొకరు దాని మీద ఇంకు దిద్దుతరు, రంగులు వేసేది వేరొకరు, మాటల బుడగల్లో అక్షరాలు రాసేది మరొకరు. అందరి మీద ఎడిటర్. ఈ పేర్లన్నీ కథ మొదట్లోనే చిన్న పెట్టె కట్టి అచ్చేస్తరు. ఆ పెట్టెను దాటేసి ఇంటర్వ్యూకు కూసుంటే మొదటి పది నిమిషాల్లోనే దొరికిపోతవు.

రాసే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి పూర్తి స్క్రిప్టు: ఏ పేజీలో ఎన్ని గడులు, ఏ గడిలో ఏం కనపడాలె, ఎవరేం మాట్లాడాలె, అన్నీ రాసి ఆర్టిస్టు చేతిల పెడతరు. రెండోది 1960లలో మార్వెల్ కామిక్స్ కంపెనీలో బాగా నడిచింది, మార్వెల్ పద్ధతి అనే పేరే పడ్డది. రచయిత కథ సారం చెప్తడు, ఆర్టిస్టు పేజీలన్నీ గీసుకొస్తడు, ఆ బొమ్మలు చూసుకుంట రచయిత మాటలు పేరుస్తడు. మన చేర్యాల పటమే తీసుకో. నకాషీలు గీసి ఇస్తరు, కూనపులి వాళ్లు దాన్ని విప్పుకుంట గడి తర్వాత గడి మార్కండేయ పురాణం చెప్తరు. కథ ఇద్దరికీ తెలుసు. కానీ ఏ గడిలో ఎవరు ఎట్లా నిలబడాలెనో గీసినాయన తేలుస్తడు, అక్కడ ఏ మాట పడాలెనో చెప్పేటాయన తేలుస్తడు. నీ శ్రోతలకు ఆ రెండో పద్ధతిని ఈ పటంతోనే చెప్పు, ఒక్క నిమిషంలో అర్థమైతది. అందుకే "ఈ పుస్తకం పూర్తి స్క్రిప్టా, సారం ఇచ్చి గీయించిందా?" అనేదే నీ మొదటి ప్రశ్న కావాలె. అది అడగకుండ "ఆ కొట్లాట సీను అద్భుతంగా రాసిండ్రు" అంటే, ఆర్టిస్టుకు దక్కాల్సిన మెచ్చుకోలు ఈయన ఒళ్లో పోసినట్టే కావచ్చు. ఆయన నిన్ను సరిదిద్దినా ముచ్చట చల్లబడ్తది, ఊకున్నా చల్లబడ్తది.

ఒక గడి దగ్గరికి పోయి చూద్దాం. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121వ సంచిక, 1973. రచన గెర్రీ కాన్వే, పెన్సిల్ గిల్ కేన్. విలన్ గ్రీన్ గాబ్లిన్, స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీని వంతెన మీదికెళ్లి పడేస్తడు. స్పైడర్‌మ్యాన్ సాలెదారం విసిరి ఆమె కాలు అందుకుంటడు. ఆ గడిలో ఆమె మెడ పక్కన చిన్న అక్షరాల్లో "స్నాప్" అని విరిగిన చప్పుడు ఒకటి రాసి ఉంటది. ఆ చప్పుడు లేకుంటే పడుతుండంగనే ప్రాణం పోయిందని సరిపెట్టుకోవచ్చు. అది ఉండబట్టి, కాపాడబోయిన చెయ్యే ప్రాణం తీసిందా అని పాఠకులు ఏండ్ల తరబడి వాదించుకున్నరు. 125వ సంచిక ఉత్తరాల పేజీలో దానికి వివరణ ఇయ్యాల్సి వచ్చింది. అదే కథలో ఇంకోటి ఉంది: మాటల్లో జార్జ్ వాషింగ్టన్ వంతెన అని ఉంటది, బొమ్మ చూస్తే బ్రూక్లిన్ వంతెన.

ఇప్పుడు "గ్వెన్ చావు గురించి చెప్పండి" అనే ప్రశ్నను, "ఈ చప్పుడు కథ సారంలోనే ఉందా, బొమ్మలు వచ్చినంక మాటలు రాసేటప్పుడు చేరిందా?" అనే ప్రశ్నను పక్కపక్కన పెట్టి చూడు. మొదటిదానికి ఉపన్యాసం వస్తది. రెండోదానికి బల్ల, బల్ల మీది పేజీలు, గడువు, ఎడిటర్ అన్న మాట, అన్నీ లేచొస్తయి. వంతెన తేడా కూడా అట్లాంటిదే. దాన్ని తప్పు పట్టినట్టు అడగకు. గీసిన చెయ్యికీ రాసిన చెయ్యికీ నడుమ ఎంత దూరం ఉందో తెలిసే చోటు అది. నువ్వు మాట్లాడబోయే ఆయన పుస్తకాల్లో ఇట్లాంటి గడులు ఆరు దొరికితే నీ గంట నిండుతది.

ఎక్కడ వెతకాలె అంటే, పేరొచ్చిన సంచికల్లో కాదు. వాటి మీద ఇప్పటికే అందరూ అడిగి ఉంటరు. ఆయన ఒక సిరీస్‌లోకి వచ్చిన మొదటి సంచిక చదువు, నడుమ ఎవరూ పట్టించుకోని సంచిక ఒకటి చదువు, వదిలిపెట్టి పోయిన చివరి సంచిక తప్పకుండ చదువు. చివరి సంచికలో ముడి విప్పకుండ వదిలిన కథ ఏదన్నా ఉంటే అదే నీ బంగారం. "ఎందుకు మానేసిండ్రు?" అంటే మర్యాద జవాబు వస్తది. "18వ పేజీలో ఈ ఉత్తరం తెరవకుండనే కథ ఆగింది, అందులో ఏముంది?" అని అడిగితే ఎందుకు మానేసిండ్రో దానంతట అదే వస్తది.

రెండు చోట్ల కాలు జారుతది, చూసుకో. అట్ట మీది నెలను నమ్మకు. జూన్ అని అచ్చయిన సంచిక మార్చిలోనో ఏప్రిల్‌లోనో అమ్మకానికి వచ్చి ఉంటది, రాసింది దానికి ఇంకొన్ని నెలల ముందు. "ఆ జూన్‌లో మీరేం చేస్తున్నరు?" అని అడిగితే ఆయన వేరే పుస్తకం తలుచుకుంటడు. పేజీ నంబరు కూడా అంతే. డిజిటల్ కాపీలో అట్ట, ప్రకటనలు కలిపి లెక్క వస్తది. కథ పేజీ మూలకు అచ్చయిన నంబరే నువ్వు చెప్పాలె. ఒక్కో ప్రశ్నకు ఒక్కో అట్టముక్క పెట్టుకో: సంచిక, పేజీ, గడి, పెట్టెలోని పేర్లు, కింద ఒక్క వాక్యం ప్రశ్న. తర్వాత వచ్చిన సంకలనాల్లో ఉత్తరాల పేజీలు చాలాసార్లు తీసేస్తరు, దొరికితే తొలి ముద్రణే చూడు.

ఆ ఆరు పేజీల ఫొటోలు నాలుగు రోజుల ముందు ఆయనకు పంపు. ప్రశ్నలు మాత్రం పంపకు. పేజీ చూస్తే జ్ఞాపకం తడుస్తది, ప్రశ్న చూస్తే జవాబు రాసి పెట్టుకుని చదువుతరు.

పైసల సంగతి, పేరు సంగతి మెల్లగ ముట్టుకో. 1938లో సూపర్‌మ్యాన్ హక్కులను జెర్రీ సీగెల్, జో షూస్టర్ 130 డాలర్లకు ఇచ్చేసిండ్రు. 1939లో బ్యాట్‌మ్యాన్‌ను మలచడంలో పాలున్న బిల్ ఫింగర్ పేరు 2015 దాకా అధికారికంగా సృష్టికర్తల వరుసలో పడలేదు. ఆ రంగంలో పండిన ఏ రచయితకైనా ఈ గాయం తెలుసు. అసలు అడగకుండ పోతే ఆయన బతుకులో సగం వదిలేసినట్టు. అయితే చివరి ఇరవై నిమిషాల్లో అడుగు, ఆ విషయం వస్తదని ముందు మెయిల్‌లోనే చెప్పు. కొందరు కంపెనీలతో రాజీ ఒప్పందాలు చేసుకుని ఉంటరు, నోరు విప్పొద్దని షరతు ఉండొచ్చు. "దాని గురించి మాట్లాడను" అంటే మళ్లీ తిప్పి అడగకు.

టైము విషయం. న్యూయార్క్ ఎండాకాలంలో మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదిన్నర. మన రాత్రి ఎనిమిదికి అక్కడ పొద్దున పదిన్నరనో తొమ్మిదిన్నరనో ఉంటది. ఆయన కాలిఫోర్నియాలో ఉంటే మన పొద్దుగాల ఏడు మంచిది, అక్కడ ముందు రోజు సాయంత్రం. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు మారుతయి. మెయిల్‌లో రెండు ఊర్ల టైములూ, తారీఖులూ రాయి.

ఆయన గొంతు ఆయన దగ్గరే, నీ గొంతు నీ దగ్గరే రికార్డు కావాలె. కాల్‌లో వచ్చిన గొంతును రికార్డు చేస్తే నెట్ ఊగినప్పుడల్లా మాట చిరుగుతది. మోనో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెడితే గంటకు ఒక్కొక్కరిది 520 ఎంబీ దాకా అయితది, అంత జాగ ఉందో లేదో ఇద్దరూ చూసుకోండి. గొంతు ఎంత పెరిగినా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండ మీటరు పెట్టు. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరం, కొంచెం పక్కకు. ఇద్దరికీ హెడ్‌ఫోన్లు ఉండాల్సిందే, లేకుంటే నీ స్పీకర్‌లోని ఆయన గొంతు మళ్లీ నీ మైకులోకి దూరుతది. మొదట్ల ఒక చప్పట, ఆఖర్ల ఒక చప్పట కొట్టిపియ్యి. గంటసేపు నడిచిన రెండు రికార్డింగులు కొద్దిగ జరుగుతయి, ఎడిటింగ్‌లో ఆ చప్పట్ల తోనే కలుపుతవు. ఫ్యాన్ బంద్ చెయ్యి, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపియ్యి, రూటర్ ఇన్వర్టర్ మీద ఉంచు. గోడలు ఖాళీగ ఉంటే మైకు ఎదురుంగ రెండు బొంతలు వేలాడదీయి. కాజీపేట దిక్కు కిటికీ ఉంటే రైలు కూత తప్పదు. కూత వచ్చినప్పుడు ఆయనను ఆపి, పోయినంక ఆ మాట మళ్లీ చెప్పమను. సిగ్గుపడకు, వాళ్లకు అలవాటే.

ప్రశ్న ఇరవై సెకన్లు దాటొద్దు. ఆయన ఆపినంక మనసులో నాలుగు లెక్కపెట్టు. అసలు మాట చాలాసార్లు ఆ నాలుగు తర్వాతనే వస్తది. నడుమ "ఓ", "గ్రేట్ సార్" అనకు, తల ఊపు చాలు. అభిమానం ఒక్క వాక్యంలో మొదట్లనే చెప్పెయ్.

నీ శ్రోతలు తెలుగువాళ్లు కాబట్టి ఆయన ఇంగ్లీషును నాలుగు సెకన్లు విననిచ్చి, తగ్గించి, మీద తెలుగు చదువు. ప్రతి ప్రశ్నకు ముందు ఆ గడిలో ఏముందో రెండు మూడు వాక్యాల్లో చెప్పే ముక్క తర్వాత విడిగా రికార్డు చెయ్. అవి ఆయన ముందు చదివితే ఆయనకు విసుగొస్తది, అస్సలు లేకుంటే పుస్తకం చూడనోళ్లకు ఏం సమజ్ కాదు.

అయిపోయినంక వెంటనే కాల్ కట్ చెయ్యకు. ఆయన చెప్పిన ఆర్టిస్టుల, ఎడిటర్ల పేర్లు ఎట్లా పలకాలెనో ఒక్కొక్కటి అడిగి రికార్డు చేసుకో. ఆయన దిక్కు ఫైలు పూర్తిగ ఎక్కిందని చెప్పేదాక కంప్యూటర్‌లో ఆ రికార్డింగ్ విండో మూయొద్దని చెప్పు.

ఆరు అట్టముక్కలు రాసినంక ఫొటో తీసి పంపు. నీ కాయితంలో 27వ ప్రశ్న, ఇంకు దిద్దేటాయన మారినంక హీరో మొహం ఎందుకు మారిందన్నది, ఆ ఆరింటిలో ఉండాలె. సంచిక నంబరు రాయలేదు, అది వెతికి రాయి.

నీ
పెద్దనాయన