మూత్రం రంగు మారితే ముందు వ్యాయామం ఆపండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నాకు 38 ఏళ్లు. బట్టల షాపు, రోజంతా కూర్చునే పని. బీపీకి మాత్ర వాడుతున్నాను. రెండు వారాలుగా యూట్యూబ్ చూసి ఇంట్లోనే గంటసేపు స్కిప్పింగ్, జంపింగ్ జాక్స్, స్క్వాట్స్ చేస్తున్నాను. తొడలు, పిక్కలు పట్టేసి మెట్లు దిగలేకపోతున్నాను. మందుల షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకుని కొనసాగిస్తున్నాను. మధ్యలో రెండు మూడు రోజులు మూత్రం ముదురు రంగులో వచ్చింది. వేడి చేసిందని మజ్జిగ తాగాను. కండరాలు అలసిపోకుండా కార్డియో ఎలా చేయాలి? ప్రొటీన్ పౌడర్ వాడాలా?
- ఒక పాఠకుడు

జవాబు: కార్డియో సంగతి తర్వాత. మూత్రం టీ డికాక్షన్‌లా వచ్చిందా? నీళ్లు తక్కువైనా రంగు ముదురుతుంది, నిజమే. కానీ అలవాటు లేని ఒళ్లు ఒక్కసారిగా గంట గంట గెంతితే కండరాల కణాలు చిట్లి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ మూత్రంలో దిగుతుంది. అది కిడ్నీలను దెబ్బతీయగలదు. మిమ్మల్ని చూడకుండా ఇదే అని చెప్పలేను. సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం, మూత్ర పరీక్ష రేపే చేయించండి. రంగు ఇంకా అలాగే ఉన్నా, మూత్రం తగ్గినా, కాళ్లు నీరసించినా, వాంతులవుతున్నా రేపటిదాకా కూడా ఆగొద్దు. మన సరిహద్దు జిల్లాల్లో 'వైజాగ్ వెళ్లినప్పుడు చూపిద్దాంలే' అని వారాలు గడిపేస్తారు. రక్తపరీక్షకు వైజాగ్ దేనికండీ, జిల్లా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ఆ నొప్పి మాత్ర. పేరైనా రాయలేదు మీరు! డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి బీపీని పెంచగలవు. టెల్మిసార్టాన్, లోసార్టాన్ రకం బీపీ మాత్రలతో, అందులోనూ ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కలిస్తే, కిడ్నీ మీద భారం మరీ ఎక్కువ. నొప్పి తెలియకుండా చేసుకుని అదే కండరంతో మళ్లీ గెంతడం ఏం తెలివండీ? నొప్పి మాత్ర ఇవాళే ఆపండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా మానొద్దు. డాక్టరు దగ్గరికి రెండు స్ట్రిప్పులూ పట్టుకెళ్లండి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడుతుంటే అదీ చెప్పండి, దానివల్లా కండరాల నొప్పులు రావచ్చు.

ఇంకో మాట. దక్షిణ, పశ్చిమ ఒడిశాలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) జన్యువు ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. జబ్బు బయటపడకపోయినా, ఎండలో తీవ్రంగా కసరత్తు చేస్తే వాళ్ల కండరాలకు ముప్పు ఎక్కువ. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపువారికి పరీక్ష చేస్తున్నారు. మీరూ చేయించుకోండి.

రిపోర్టులు బాగుండి, డాక్టరు సరేనంటే మళ్లీ మొదలుపెట్టొచ్చు. బీపీ ఉంది కాబట్టి ముందు ఈసీజీ కూడా తీయించుకుంటే మంచిది. ఉన్నచోటే నడకతో 10 నిమిషాలు ఒళ్లు వేడెక్కించి, మరో 10, 15 నిమిషాలు చాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ మోతాదు. నాడి లెక్క పెట్టుకోకండి, కొన్ని బీపీ మాత్రలతో అది తప్పుతుంది. గెంతులు, స్క్వాట్స్ రోజు విడిచి రోజు. కొత్త కసరత్తు నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి, పట్టకపోతే ఎక్కువ చేశారన్నమాట. వారానికి 150 నిమిషాలు అంటారు గానీ, అక్కడికి నెలల్లో చేరినా నష్టం లేదు. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి.

ప్రొటీన్ పౌడర్ క్రియాటినిన్ చూడకుండా ముట్టుకోవద్దు. అప్పటిదాకా పప్పు, గుడ్లు, పెరుగు చాలు.