గ్రంజ్ ఎఫెక్ట్ పైన పూసినట్లు కనిపించకుండా ఉండాలంటే

"ఫోటోషాప్‌లో పోస్టరు మీద గ్రంజ్ టెక్స్చర్ వేసి మల్టిప్లై పెట్టాను, అయినా నిజంగా పాతబడినట్లు కాక, పైన మురికి పూసినట్లే ఉంది" అని అడిగారు. గ్రంజ్ అంటే తుప్పు, మరకలు, పెచ్చులతో పాతబడి అరిగినట్లు కనిపించే రూపం, టెక్స్చర్ అంటే అలాంటి ఉపరితలపు ఫోటో, మల్టిప్లై అంటే పై పొరను కింది పొరతో కలిపే ఒక పద్ధతి. కర్నూలులో పన్నెండేళ్లుగా పోస్టర్లు, పుస్తకాల అట్టలు డిజైన్ చేస్తున్న నాకు కూడా మొదట్లో ఇదే ఇబ్బంది ఉండేది.

ఒక నాటక సమాజం కోసం పోస్టరు చేస్తూ, ఇనుప తలుపు మీది తుప్పు చారల ఫోటోను నేపథ్యంగా వాడాను. ఫోటో నిలువు, పోస్టరు అడ్డం కావడంతో ఫోటోను 90 డిగ్రీలు తిప్పేశాను. జీవితమంతా చేత్తో బోర్డులు రాసిన ఒక పెద్దాయన దానిని చూసి, "తుప్పునీళ్లు ఎక్కడన్నా పక్కకు పారతాయా నాయనా?" అన్నారు. అప్పటి నుంచి ఏ మరక వేసినా, ఇది ఇక్కడికి ఎలా వచ్చి ఉంటుందని ముందుగా ఆలోచిస్తున్నాను. తుప్పు మేకు దగ్గరో, రంగు లేచిపోయిన చోటో మొదలై కిందికి కారుతుంది. చెమ్మ నేల నుంచి పైకి ఎక్కుతుంది కనుక గోడ సున్నం చాలాసార్లు అడుగు భాగంలోనే పెచ్చులూడుతుంది. కాగితం మడతల దగ్గర, మూలల దగ్గర అరుగుతుంది. ఎండలో ఉన్న పోస్టరులో సాధారణంగా పసుపు, ఎరుపు ముందు వెలిసిపోయి నీలం చివరిదాకా మిగులుతుంది. అందువల్ల ఎండకు వెలిసిన పోస్టరు కావాలనుకుని మొత్తాన్ని గోధుమరంగులోకి మార్చడం పొరపాటు.

నీటి మరక గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తినప్పుడు తడిసిన మా అమ్మానాన్నల పెళ్లి ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దానిని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేసి పెద్దదిగా చూశాను. మరక లోపలి భాగం దాదాపు తేటగా ఉంది, అంచు మాత్రం టీ గ్లాసు అడుగున మిగిలే వలయంలాగా సన్నగా, ముదురుగా ఉంది. నీరు ఆరేటప్పుడు తనలోని బురదను అంచుకు మోసుకువెళ్లి అక్కడే వదలడం దీనికి కారణం. మనం మెత్తని బ్రష్‌తో వేసే మరక దీనికి సరిగ్గా తలకిందులుగా, నడుమ ముదురుగా, అంచులో పలచగా వస్తుంది. బ్రష్ సెట్టింగ్స్‌లో వెట్ ఎడ్జెస్ (అంచును ముదురుగా చేసే సెట్టింగ్) ఆన్ చేసి, గట్టి అంచున్న బ్రష్‌తో వేస్తే అసలుకు చాలా దగ్గరగా వస్తుంది.

ఇక మీ మల్టిప్లై విషయం. మల్టిప్లై చిత్రాన్ని ముదురు మాత్రమే చేయగలదు. పాతబడడమంటే మురికి చేరడం కన్నా ఉన్న రంగు పోవడమే ఎక్కువ. కనుక టెక్స్చర్‌ను పైన పరచడానికి బదులు, దానితో మీ అక్షరాలను చెరపండి. పెచ్చులూడిన గోడ ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి, లెవెల్స్‌తో (వెలుగు నీడలను సరిచేసే పనిముట్టుతో) మధ్య బూడిద రంగులు చాలావరకు పోయేదాకా లాగి, కాపీ చేయండి. తర్వాత అక్షరాల లేయర్‌కు (పొరకు) మాస్క్, అంటే పొరలో కొంత భాగాన్ని దాచే తెర, పెట్టి, ఆల్ట్ కీ పట్టుకుని మాస్క్ మీద క్లిక్ చేసి, అక్కడ పేస్ట్ చేయండి. మాస్కులో నలుపు ఉన్నచోట రంగు పోతుంది. అడుగున ఇంకొక పాత రంగునో, సున్నాన్నో ఉంచితే ఊడిన చోట అది బయటపడుతుంది. చిత్రాన్ని నమ్మేలా చేసేది ఈ అడుగు పొరేనని నా అనుభవం. మురికి మీద మక్కువ తీరకపోతే, అప్పుడు మల్టిప్లైలో 20 శాతం మించకుండా వేసుకోండి.

టెక్స్చర్లను మీరే ఫోటో తీసుకోవాలని గట్టిగా చెబుతాను. డౌన్‌లోడ్ చేసిన బ్రష్‌లలో ఒకే పెచ్చు రెండుచోట్ల కనిపిస్తే కన్ను వెంటనే పట్టేస్తుంది. పాతబస్తీ గోడలు, పాత షట్టర్లు, అరిగిన నాపరాళ్ల అరుగులు నా ఫోన్‌లో వందల్లో ఉన్నాయి. మరకలు మాత్రమే కావాలంటే నీడలో తీస్తాను. గరుకుదనం కావాలంటే ఉదయపు ఏటవాలు ఎండలో తీస్తాను, అయితే అప్పుడు వెలుగు వచ్చే దిక్కు పోస్టరులోని వెలుగుతో కలవాలి.

అన్నీ అయ్యాక పై లేయర్‌లో ఒకే రంగు నాయిస్ (సన్నని చుక్కల గరుకు) రెండు మూడు శాతం చల్లితే, వేర్వేరు ఫోటోల నుంచి వచ్చిన ముక్కలు ఒకే కాగితం మీదివిగా కలుస్తాయి. ఫైలును ప్రెస్‌కు పంపే ముందు పోస్టరులో ఒక మూలను అసలు సైజులో, 300 డీపీఐతో ప్రింట్ తీసి చూడండి. తెరమీద జూమ్ చేసినప్పుడు ముచ్చటగా కనిపించిన సన్నని గీతలు కాగితం మీద మాయమవుతాయి, తెరమీద పలచగా ఉన్న మరకలు నల్లగా ముద్దకట్టి వస్తాయి. నేను ఆ ప్రింట్‌ను గోడకు అంటించి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూశాకే మాస్కును మళ్లీ సరిచేస్తాను.