పీడీఎఫ్ వచ్చింది, ఫోన్ చదువుతలేదు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అచ్చు పుస్తకం మామూలుగా చదవలేనివాళ్ల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈ లెక్కలోకి చూపు లేనివాళ్లు, తక్కువ చూపున్నవాళ్లే కాదు, డిస్‌లెక్సియా ఉన్న పిల్లలు, చేతుల్లో పట్టు లేక పుస్తకం పట్టుకోలేనివాళ్లు కూడా వస్తారు.

మా చెల్లెకు చూపు లేదు. నల్లగొండల డిగ్రీ చదువుతుంది. నోట్సు పీడీఎఫ్‌లు వాట్సాప్‌ల వస్తయి. కొన్ని తెరిస్తే ఫోన్ ఉలకదు పలకదు. ఇంకొన్ని తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు గడగడ చదువుతది. ఖరాబు ఫోన్‌దా, ఫైల్‌దా?
– నకిరేకల్ నుంచి ఒక అన్న

ఫోన్ బాగానే ఉంది. రెండూ ఫైల్ జబ్బులే, కాకపోతే వేరువేరు జబ్బులు. ముందు ఏదో తేల్చుకోండి. పీడీఎఫ్‌లో ఒక మాట మీద వేలు నొక్కి పట్టండి. మాట ఎంపిక కాకపోతే అది అక్షరాల ఫైల్ కాదు, పేజీ ఫొటో. ఎంపికైతే కాపీ చేసి మెసేజ్ పెట్టెలో అతికించండి. తెలుగే కనిపిస్తే అది యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉన్న పద్ధతి, చింత లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు కలగాపులగంగా వస్తే అది అను లాంటి పాత డీటీపీ ఫాంటు.

పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరం కోడ్ కింద తెలుగు ముక్క బొమ్మను దాచారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. కంటికి తెలుగు కనిపిస్తుంది, యంత్రానికి లోపలున్న ఇంగ్లిష్ అక్షరమే అందుతుంది. తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్ ఉన్నది ఉన్నట్టే చదువుతోంది.

ఫొటో పీడీఎఫ్‌కు మందు ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టైప్ చేసిన అక్షరాలుగా మార్చడం. దీనికి కంప్యూటర్ ఉంటే సులువు. ఫైల్‌ను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో గూగుల్ డాక్స్ ఎంచుకోండి. పేజీలోని అక్షరాలు వస్తాయి. పెద్ద ఫైల్‌ను ఒకేసారి వెయ్యొద్దు, సగంలో ఆగిపోతుంది. పది పేజీల ముక్కలుగా కోసి, ఒక్కోటి 2 ఎంబీ దాటకుండా చూసుకోండి. నెట్ లేని చోట టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెలుగు, ఇంగ్లిష్ కలిసిన నోట్సుకు భాష దగ్గర రెండింటినీ కలిపి ఇవ్వాలి. తెలుగు ఒక్కటే ఇస్తే మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలు తెలుగు అక్షరాల ముద్దగా మారతాయి.

ఫలితం బాగుండాలంటే స్కానింగ్ దగ్గరే జాగ్రత్త పడాలి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), గ్రే రంగు, పేజీ నిటారుగా. ఫోన్‌తో తీస్తే పుస్తకం మధ్య మడత దగ్గర అక్షరాలు వంగుతాయి, అక్కడే ఎక్కువ తప్పులు. పక్కన రెండో కాలమ్ ఉంటే రెండింటి వరుసలూ కలిసిపోతాయి, కాబట్టి ఒక్కో కాలమ్‌ను విడిగా కత్తిరించి పెట్టండి. చేతిరాత నోట్సు మీద ఆశ పెట్టుకోకండి. ఎవరో ఒకరు కూర్చుని టైప్ చేయడమే మేలు.

తెలుగు ఓసీఆర్ పొరపడే చోట్లు దాదాపు ఎప్పుడూ అవే: ప-వ, మ-వు, థ-ధ ఒకదాని బదులు ఒకటి పడటం, కింది ఒత్తులు రాలిపోవడం, సున్నా (ం) బదులు అంకె 0 గానీ ఇంగ్లిష్ ఓ గానీ పడటం. ఈ చివరిది కంటికి అస్సలు దొరకదు, చెవికి మాత్రం ప్రతి మాటలో గుచ్చుకుంటుంది. వర్డ్‌లో వెతుకు పెట్టెలో ఆ అంకె, ఆ అక్షరం పెట్టి ఒక్కొక్కటీ చూసి దిద్దండి. అన్నీ ఒకేసారి మారిస్తే సంవత్సరాల్లోని సున్నాలూ పోతాయి. అసలు దిద్దుబాటు మొదలుపెట్టాల్సిందే అంకెలతో. ఒత్తు పోయిన మాటను చెల్లె సందర్భాన్ని బట్టి పట్టుకోగలదు, తప్పు పడిన సంవత్సరాన్ని పట్టుకోలేదు.

అను ఫైల్ అయితే టైప్ చేసిన డీటీపీ సెంటర్‌ను అసలు ఫైల్ అడగండి. 6 వెర్షనా, 7 వెర్షనా కూడా అడగండి, ఎందుకంటే కన్వర్టర్‌లో వెర్షన్ తప్పితే మళ్లీ చెత్తే వస్తుంది. అసలు ఫైల్ దొరకదు, పీడీఎఫ్ ఒక్కటే ఉందంటే ముందు పేజీలను జేపీజీ బొమ్మలుగా మార్చి, ఆ తర్వాతే ఓసీఆర్‌కు ఇవ్వండి. నేరుగా పీడీఎఫ్ ఇస్తే లోపలున్న ఇంగ్లిష్ చెత్తనే తీసి మీ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది.

ఇంత కష్టపడి చాలామంది ఒక పని వదిలేస్తారు. పాఠం పేర్లను బోల్డ్ చేస్తే సరిపోదు, వర్డ్‌లో హెడింగ్ స్టైల్ ఇవ్వాలి. కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కితే పాఠం పేరు, 2తో లోపలి శీర్షిక. అప్పుడు కంప్యూటర్ స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో హెచ్ నొక్కుకుంటూ పాఠం నుంచి పాఠానికి దూకొచ్చు. లేకపోతే 200 పేజీలూ మొదటి నుంచి వినాల్సిందే. అచ్చు పుస్తకం పేజీ నంబర్లు కూడా వాటి చోట ఒక వరుసగా వేయండి. క్లాసులో సారు 54వ పేజీ తియ్యమంటే చెల్లె కూడా తియ్యాలి కదా. చివరికి వర్డ్ ఫైల్‌గానే ఇవ్వండి. ఈపబ్ (ఈ-పుస్తకం రూపం) కావాలంటే డైసీ కన్సార్టియం వాళ్ల ఉచిత వర్డ్‌టుఈపబ్ ఆ ఫైల్ నుంచే చేసిపెడుతుంది.

టాక్‌బ్యాక్ పెట్టినం. ఇంగ్లిష్ చదువుతది, తెలుగు రాంగనే మూగబోతది. పైగా ఫోన్ దేనికీ పనిచేస్తలేదు, తాకితే తెరుచుకోదు.
– దేవరకొండ

టాక్‌బ్యాక్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండే స్క్రీన్ రీడర్. దానికి తెలుగు గొంతు దిగుమతి కాలేదన్నమాట. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టెక్స్ట్ టు స్పీచ్. ఇంజిన్ గూగుల్‌ది ఎంచుకుని, పక్కనున్న చక్రం గుర్తులో ఇన్‌స్టాల్ వాయిస్ డేటా తెరిచి, తెలుగు దించుకోండి. కొన్ని ఫోన్లలో మెనూ పేర్లు కొంచెం మారతాయి. ఒకసారి దిగాక నెట్ లేకున్నా చదువుతుంది.

రెండోది జబ్బు కాదు. టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు ఒక్కసారి తాకితే పేరు చెబుతుంది, తెరవాలంటే రెండుసార్లు తట్టాలి, పేజీ జరపాలంటే రెండు వేళ్లు వాడాలి. చూపున్నవాళ్లకు ఫోన్ కాసేపు కావాలంటే రెండు వాల్యూమ్ బటన్లు మూడు సెకన్లు కలిపి పట్టుకోండి, ఆగిపోతుంది. మళ్లీ పట్టుకుంటే మొదలవుతుంది. ఆ షార్ట్‌కట్ పనిచేయకపోతే యాక్సెసిబిలిటీలోనే టాక్‌బ్యాక్ కింద దాన్ని ఆన్ చేయాలి.

ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ ఉచితం. అందులోని ఈస్పీక్‌కు తెలుగు వచ్చు. గొంతు రేకు డబ్బా మోతలా ఉంటుందని మొదట్లో అందరూ విసుక్కుంటారు, కానీ వేగం పెంచినా మాట స్పష్టంగా ఉండేది దానిలోనే. కథ, నవల సాఫీగా వినాలంటే ఎడ్జ్ బ్రౌజర్‌లో రీడ్ అలౌడ్ పెట్టి తెలుగు గొంతు ఎంచుకోండి. దానికి నెట్ ఉండాలి.

పుస్తకం మొత్తం స్కాన్ చేసి ఇస్తే కాపీరైట్ కేసు అవుతుందని కొందరు భయపెడుతున్నారు. నిజమేనా?
– మహబూబ్‌నగర్ నుంచి ఒక ఉపాధ్యాయురాలు

కాదు మేడమ్. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో సెక్షన్ 52(1)(జెడ్‌బీ) వచ్చింది. వైకల్యం ఉన్నవాళ్లకు చదవగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవడానికి, వైకల్యం ఉన్న మరొకరితో చదువు కోసం పంచుకోవడానికి అనుమతి అక్కర్లేదు. సంస్థలైతే లాభం చూసుకోకూడదు, తయారీ ఖర్చుకు మించి తీసుకోకూడదు, ఆ ప్రతి మామూలు బజారులోకి పోకుండా చూడాలి. కాబట్టి మీ విద్యార్థికి ఇవ్వండి. క్లాసు మొత్తం ఉన్న వాట్సాప్ గ్రూపులో మాత్రం వెయ్యకండి, చట్టం ఇచ్చిన రక్షణ అక్కడ ఉండదు. ఇతర దేశాలతో ఇలాంటి ప్రతులు ఇచ్చిపుచ్చుకోవడానికి 2013 మరాకేష్ ఒప్పందం ఉంది. దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

స్కాన్ చేసే ముందు సుగమ్య పుస్తకాలయలో వెతకండి. 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ ఇది. సభ్యత్వానికి వైకల్య ధ్రువపత్రం కావాలి. ఇప్పటికే ఒకరు దిద్దిపెట్టిన పుస్తకాన్ని మీరు మళ్లీ దిద్దడం దండగ.

మా తాతకు చూపు మందగించింది. పేపరు పెద్దగ జిరాక్స్ తీసిస్తున్నం, అయినా చదవలేకపోతుండు.
– హాలియా

ఏ4 కాగితాన్ని ఏ3కి పెంచితే పెరిగేది 141 శాతమే. 12 పాయింట్ల అక్షరం 17 అవుతుంది. పెద్దక్షరాల ప్రతికి కనీసం 18 కావాలి, చాలామందికి 24 పడుతుంది. జిరాక్స్‌లో అక్షరంతో పాటు మసక కూడా పెరుగుతుంది. కాబట్టి టైప్ చేసిన ఫైల్‌ను పెద్దది చేసి అచ్చు తీయించండి. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కనుక వరుసల మధ్య ఒకటిన్నర రెట్ల ఖాళీ వదలాలి. సన్నగీత ఫాంట్లు, మెరిసే కాగితం వద్దు. దీపం తాత భుజం వెనక నుంచి పుస్తకం మీద పడాలి, కళ్లలో పడకూడదు.

ఇవన్నీ చేసేముందు ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి. శుక్లమైతే ఆపరేషన్‌తో పోయేదానికి పెద్దక్షరాలు దేనికి? ఆపరేషన్‌తో పోని చూపులోపమైతే హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట లో విజన్ విభాగంలో సరైన భూతద్దం కొలిచి ఇస్తారు. బజారులో కొన్న అద్దం ఎక్కువ పవరుదైతే ఒకసారికి రెండు మూడు అక్షరాలే కనిపించి చదువు సాగదు.

మేం పది మందిమి. పాఠాలు చదివి రికార్డు చేసి ఇద్దామనుకుంటున్నం. ఎట్ల చేయాలె?
– మిర్యాలగూడ కాలేజీ విద్యార్థులు

మంచి ఆలోచన. కానీ పాఠం యూనికోడ్‌లో దొరికితే రికార్డింగ్ అక్కర్లేదు, యంత్రం చదువుతుంది. మీ గొంతు లెక్కల పాఠాలకు, పటాలకు, పట్టికలకు, చేతిరాత నోట్సుకు దాచుకోండి. యంత్రం తడబడేది అక్కడే.

ఫ్యాన్ ఆపండి. పరుపులు, బట్టలు ఉన్న గది మేలు, ఖాళీ గది మారుమోగుతుంది. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పెట్టండి. లేకపోతే ఫ, భ పలికినప్పుడల్లా గాలి కొడుతుంది. మోనో, 64 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, గంటకు దాదాపు 29 ఎంబీ అవుతుంది. పాఠానికో ఫైల్ చేసి, పేరు ముందు 01, 02 అని వేయండి. ఉత్త 1, 2 అని వేస్తే చాలా ప్లేయర్లలో 1 తర్వాత 10 మోగుతుంది. మొదట్లో పుస్తకం పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం. ప్రతి పేజీ మారినప్పుడు నంబరు చెప్పాలి. బొమ్మ వస్తే అందులో ఏముందో రెండు వాక్యాల్లో చెప్పండి, "పటం చూడండి" అని దాటేయకండి. వెనక సంగీతం వద్దే వద్దు. వినేవాళ్లు రెండింతల వేగంతో వింటారు.

శీర్షికలు, పేజీలకు దూకగలిగేలా డైసీ అనే వినే పుస్తకాల రూపంలో చేయాలంటే ఓబీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక పుస్తకం ఎంపీ3లో పూర్తి చేశాక దాని జోలికి పోండి.

భవిత కేంద్రంల (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) మా బాబు బ్రెయిలీ నేర్చుకుంటుండు. ఇంట్లో నేను సాయం చేద్దామంటే ఒత్తుల దగ్గర తికమక అయితుంది.
– వనపర్తి నుంచి ఒక తల్లి

బ్రెయిలీ గడిలో ఆరు చుక్కలుంటాయి: ఎడమ వైపు పై నుంచి 1, 2, 3, కుడి వైపు పై నుంచి 4, 5, 6. మన భాషలకు వాడే భారతీ బ్రెయిలీలో ఒత్తు కిందకు పోదు. అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. జంట అక్షరం వస్తోందని ముందే నాలుగో చుక్క పెట్టి, తర్వాత రెండు హల్లులూ వరుసగా రాస్తారు. "అమ్మ" రాయాలంటే నాలుగు గళ్లు: అ (1), తర్వాత ఒంటి 4, తర్వాత మ (1-3-4) రెండుసార్లు. గుణింతం గుర్తు హల్లు తర్వాతే వస్తుంది. "కా" అంటే క (1-3), ఆ (3-4-5). పలుకు వరుసే రాత వరుస అనుకుంటే తికమక తగ్గుతుంది.

బ్రెయిలీ స్లేటు (చుక్కలు పొడిచే పలక) మీద పొడుస్తున్నప్పుడు కుడి నుంచి ఎడమకు, చుక్కలు అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయాలి. కాగితం తిప్పితే సరిగ్గా వస్తుంది. మీరు కంటితో చూసి సరిచూసేటప్పుడు తిప్పిన వైపే చూడండి. నోటుబుక్కు కాగితం మీద చుక్క నిలవదు, రెండుసార్లు వేలు పోనిస్తే చదునవుతుంది. 120 నుంచి 140 జీఎస్‌ఎం మందం కాగితం అడిగి కొనండి.