గడువుకు ముందే ఇల్లు ఖాళీ చేస్తే డిపాజిట్ వస్తుందా?

మీది ఏడాది అగ్రిమెంట్. 7 నెలలకే ఖాళీ చేయాల్సి వచ్చింది. ‘మధ్యలో వెళ్తే డిపాజిట్ మొత్తం పోయినట్టే’ అని ఓనర్ అంటున్నారు. ఏం చేయాలి అని కదా మీరు అడిగింది. మూడేళ్ళ కిందట ఉద్యోగం మారినప్పుడు నాకూ అచ్చం ఇదే మాట ఎదురైంది. నిజంగానే పోయిందనుకుని రెండు రోజులు నిద్రపోలేదు. మూడో రోజు అగ్రిమెంట్ తీసి చదివితే ఆ మాట అందులో ఎక్కడా లేదు!

అందుకే ముందు మీ అగ్రిమెంట్ చదవండి. లాక్-ఇన్, నోటీసు ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. ఇన్ని నెలల వరకు ఖాళీ చేయకూడదనేది లాక్-ఇన్. ఖాళీ చేసేముందు ఇన్ని రోజుల ముందు చెప్పాలనేది నోటీసు. నాకు లాక్-ఇన్ 6 నెలలు, అది దాటిపోయింది. నోటీసు 2 నెలలు. అంటే మా ఓనర్ గట్టిగా అడగగలిగింది ఆ 2 నెలల అద్దె మాత్రమే. డిపాజిట్ 3 నెలల అద్దె. మీకు లాక్-ఇన్ ఇంకా నడుస్తుంటే పరిస్థితి కష్టమే. బతిమాలుకుని, కుదిరిన మాటను కాగితం మీద పెట్టించుకోవడం తప్ప దారి లేదు.

నేను చేసిన పెద్ద పొరపాటు నోటీసు దగ్గరే. 12వ తేదీన మెట్ల దగ్గర కనిపిస్తే ఖాళీ చేస్తున్నామని చెప్పాను. ‘చూద్దాంలేమ్మా, తొందరేముంది’ అన్నారు. చెప్పేశాను కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. 30వ తేదీన వాట్సాప్‌లో రాసి పంపితే, నోటీసు ఈ రోజు నుంచే లెక్క అన్నారు. 18 రోజులు గాలికి పోయాయి. మీరు ఇంకా నోటితోనే చెప్పి ఉంటే ఇది చదవడం ఆపి ముందు మెసేజ్ పెట్టండి. ఏ తేదీకి ఖాళీ చేస్తున్నారో, అగ్రిమెంట్‌లో ఏ షరతు ప్రకారమో రెండు ముక్కల్లో రాస్తే చాలు.

ఇక ఓనర్ కోపం వెనక ఉన్న అసలు భయం ఇల్లు ఖాళీగా పడి ఉంటుందేమోనని. అది నాకు ఆలస్యంగా అర్థమైంది. అద్దెకు మనుషుల్ని నేనే వెతికాను. మొదట తెచ్చిన కుటుంబాన్ని ఆయన వద్దన్నారు, కారణం చెప్పలేదు. రెండోవాళ్ళు కుదిరారు. రాసి పంపిన నెలకు నేను వెళ్ళిపోయాను, ఆ తర్వాత 10 రోజులకు వాళ్ళు దిగారు. ‘నోటీసులో మిగిలిన నెల అద్దె’ అని ఆయన మొదలుపెడితే, వాళ్ళు అద్దె కడుతున్న రోజులకు నా దగ్గర కూడా ఎలా తీసుకుంటారని అడిగాను. చివరికి 10 రోజుల అద్దె దగ్గర తెగింది.

రంగుల గొడవ వేరే. ఇల్లంతా మళ్ళీ రంగులు వేయించాలి, అది మీ డిపాజిట్‌లోంచే అన్నారు. దిగిన రోజు ఏదో సరదాకి ఖాళీ గదుల్లో తీసిన ఫొటోలు నన్ను కాపాడాయి. కిటికీ పక్క గోడ అప్పటికే చెమ్మకు పెచ్చులూడి ఉంది. ఫొటో తేదీతో సహా పంపాక రంగుల మాట మళ్ళీ ఎత్తలేదు. వంటింటి కుళాయి మాత్రం మేమే విరగ్గొట్టాం, దానికి డబ్బు పట్టుకోమన్నాను. వాడకంలో అరిగింది వేరు, మన చేతుల్లో పగిలింది వేరు. మొదటిదానికి ఒప్పుకోకండి, రెండోదానికి పేచీ పెట్టకండి.

‘ఆఖరి నెలల అద్దె ఎగ్గొట్టి డిపాజిట్‌లో సర్దేయండి’ అని మీకు కనీసం నలుగురు చెబుతారు. ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే సరే. లేకపోతే వద్దు. నా స్నేహితురాలు అలాగే చేసింది. అప్పటిదాకా డబ్బు రావాల్సిన మనిషి కాస్తా, ఒక్క నెలలో అద్దె బాకీ పడ్డ మనిషైపోయింది. పైగా ఆలస్య రుసుము!

తాళాలిచ్చే రోజు కరెంటు మీటరు రీడింగ్, గదులన్నీ ఫొటోలు తీసుకోండి. తాళాలు అందాయని తేదీ వేయించి సంతకం తీసుకోండి. తాళాలు మీ దగ్గరున్నంతవరకు ఇల్లు మీ చేతిలోనే ఉందని ఓనర్ వాదించొచ్చు. నాకు ఆ రోజు డబ్బు ఇవ్వలేదు, వారంలో వేస్తానన్నారు. తర్వాత ఫోనెత్తడం మానేశారు. లెక్క మొత్తం ఒకే మెసేజ్‌లో రాశాను: డిపాజిట్ ఇంత, 10 రోజుల అద్దె ఇంత, కుళాయికి ఇంత, రావాల్సింది ఇంత, ఫలానా తేదీలోగా ఈ ఖాతాకు వేయండి, లేదంటే లాయరు నోటీసు పంపుతాను అని. తిట్టు ఒక్కటి కూడా లేకుండా రాయడానికి నాలుగుసార్లు చెరిపి రాయాల్సొచ్చింది. మీరున్న చోట డిపాజిట్ తిరిగివ్వడానికి చట్టం గడువు పెట్టిందేమో కనుక్కుని, ఉంటే దాన్నీ అందులో ప్రస్తావించండి.

తాళాలిచ్చిన 42వ రోజున డబ్బు పడింది. కుళాయికి ఆయన పట్టుకున్నది నేననుకున్నదానికి రెట్టింపు. బిల్లు అడిగితే ఇప్పటికీ పంపలేదు, నేనూ ఇక అడగలేదు.