పరివేషమా, పరిధా, వరదగుడా?

సందేహం: ఎక్స్‌రే జంటతారల్లోని (ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఎక్స్‌రేలు వెదజల్లే జంటల్లోని) భారీ నక్షత్రాల చుట్టూ ఉండే వాయువునీ ధూళినీ పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిలో ఎలా పరిశీలిస్తారో ఒక వ్యాసంలో చదివాను. ఆ పదార్థాన్ని ఒకచోట పరివేషం అనీ, ఇంకోచోట పరిధి అనీ రాశారు. ఏది ఒప్పు?

సమాధానం: 'పరివేషస్తు పరిధిరుపసూర్యకమండలే' అన్నాడు అమరకోశంలో అమరసింహుడు. సూర్యుడి చుట్టూ కనిపించే వెలుగు వలయానికి పేర్లు చెబుతూ ఈ రెంటినీ పక్కపక్కనే కూర్చోబెట్టాడు. కాబట్టి వ్యాసకర్తను తప్పుపట్టలేం. కానీ ఇవాళ పరిధి అంటే 'అది మా పరిధిలోకి రాదు' అని ఫైలు వెనక్కి తోసే మాటే గుర్తొస్తుంది. దాన్ని మళ్లీ ఆకాశానికి ఎక్కించడం కష్టం.

పరివేషం బతికే ఉంది. అయితే కొందరు 'ధూళి పరివేషణం' అని రాస్తున్నారు. అయ్యా, పరివేషణం అంటే వడ్డన! చుట్టుకోవడమే చెప్పాలనుకుంటే పరివేష్టనం అనండి. తమాషా ఏమిటంటే ఈ జంటల్లో వడ్డన కూడా జరుగుతుంది. భారీ నక్షత్రం నుంచి వచ్చే పదార్థం పక్కనున్న న్యూట్రాన్ తార (పేలిన తార మిగిల్చిన చిన్న, అతిదట్టమైన గోళం) మీదో కృష్ణబిలంలోకో పడుతూ విపరీతంగా వేడెక్కుతుంది. ఆ ఎక్స్‌రేలు అక్కడివే.

ఇంతకీ మన సొంత మాట ఎవరికీ గుర్తురాలేదేం? వరదగుడి! చంద్రుడి చుట్టూ గుడి కట్టింది, గుడి దూరమైతే వాన దగ్గర అంటారు. ఇక్కడ గుడి అంటే గుండ్రన. 'కి' రాసేటప్పుడు అక్షరం తల మీద చుట్టే గుడి కూడా అదే. దాన్ని రోజూ చుడుతూనే 'హేలో' అనే మాటను అరువు తెచ్చుకుంటున్నాం. దేవుడి గుడి కూడా ఈ గుండ్రనలోంచే వచ్చిందా అంటే అదో పెద్ద తగవు, ఇప్పుడు వద్దు.

ఒక పేచీ మాత్రం ఉంది. వరదగుడి చంద్రుడి దగ్గర ఉండదు. మన మబ్బుల్లోని మంచు స్ఫటికాల్లో వెలుగు వంగితే కనిపించేది. నక్షత్రం చుట్టూ ఉన్నది నిజమైన పదార్థం. 2003లో అంతరిక్ష టెలిస్కోపు ఇంటెగ్రల్ ఉపగ్రహం కనిపెట్టిన ఎక్స్‌రే జంట ఐజీఆర్ జె16318-4848నే చూడండి. మామూలు కాంతిలో బాగా మసక, పరారుణంలో ప్రకాశవంతం. దాని చుట్టూ వెచ్చటి ధూళి ఉందని ఆ పరారుణ కాంతే పట్టిచ్చింది. (పరారుణం అనే మాటలో తప్పేం లేదు. 1800లో ఖగోళవేత్త హెర్షెల్ థర్మామీటరును ఎరుపుకు ఆవల పెట్టే దాని జాడ పట్టాడు, 'పర' అంటే ఆవల.)

పైగా అన్ని నక్షత్రాల చుట్టూ ఉన్నది ఒకే ఆకారంలో ఉండదు. బీఈ రకం తారలు వేగంగా తిరుగుతూ నడుము చుట్టూ పదార్థాన్ని బిళ్లలా పరుస్తాయి. అక్కడ గుడి అంటే నాకు ముచ్చటే. మహాతారల (బాగా ఉబ్బిన భారీ తారల) గాలి, అంటే వాటి నుంచి ఎగసే పదార్థం, అన్ని వైపులకూ వీస్తుంది, దానికి ఆవరణం నయం. ఏ ఆకారమో తేలనప్పుడు పరివేషం అనండి, అభ్యంతరం చెప్పను. 'పరిసర పదార్థ ఆవరణ వలయం' అని అన్నీ కలిపి గుప్పించకపోతే చాలు.