అమ్మానాన్నలతో చిప్పెవా రిజర్వేషన్‌కి వెళ్లాలనుకుంటే

వేసవి వస్తే చాలు, మినియాపోలిస్ చుట్టుపక్కల కొత్తగా చేరిన మనవాళ్ల నుంచి ఈ ప్రశ్న వస్తుంటుంది. "అమ్మానాన్న వస్తున్నారండీ. మాల్ ఆఫ్ అమెరికా, గుడి అయిపోయాయి. చిప్పెవా రిజర్వేషన్ చూడొచ్చట కదా, లోపలికి రానిస్తారా? కెసీనో తప్ప ఇంకేమైనా ఉంటుందా?"

నిక్షేపంగా వెళ్లొచ్చు. చిప్పెవాలంటే ఇక్కడ "ఇండియన్స్" అని పిలిచే అమెరికా ఆదివాసీల్లో ఒక తెగ. రిజర్వేషన్ అంటే మన కోటా కాదు, వాళ్ల సొంత పాలనలో ఉన్న భూమి. గేటు, కంచె, టికెట్ లాంటివేవీ ఉండవు. హైవే మీద వెళ్తుంటే ఒక బోర్డు కనబడుతుంది, అంతే, మీరు రిజర్వేషన్‌లో ఉన్నట్టు. చిప్పెవా, ఓజిబ్వే, అనిషినాబే అని మూడు పేర్లు కనిపించి తికమక పెడతాయి గానీ, ఇక్కడ మూడూ ఒకే ప్రజల పేర్లు. మిన్నెసోటాలో వాళ్ల రిజర్వేషన్లు ఏడు, పక్కనున్న విస్కాన్సిన్‌లో ఆరు. సినిమాల్లో చూసే మొనదేరిన గుడారాలు మైదానాల తెగలవి. వీళ్లు అడవుల, సరస్సుల మనుషులు. బర్చ్ చెట్టు బెరడుతో పడవలు కట్టుకున్నారు, అదే బెరడు కప్పిన గుండ్రటి ఇళ్లలో ఉన్నారు. ఇప్పుడు వాళ్ల ఊళ్లూ అమెరికాలో అన్ని చిన్న ఊళ్లలాగే ఉంటాయి. పిల్లల్ని "ఇండియన్స్‌ని చూపిస్తాం రండి" అని తీసుకెళ్తే వాళ్లకి నిరాశే మిగులుతుంది, అవతలివాళ్లకి చిరాకు.

ఒక్క విషయం మాత్రం బయల్దేరే ముందే బుర్రకెక్కాలి. ఈ భూములు ప్రభుత్వం దయతలచి ఇచ్చినవి కావు. 1854లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న లా పాయింట్ ఒప్పందంలో ఓజిబ్వేలు సుపీరియర్ సరస్సు ఉత్తర తీరాన్ని వదులుకుంటూ, తమకోసం తాము ఉంచుకున్న చోట్లలో కెనడా సరిహద్దు దగ్గరి గ్రాండ్ పోర్టేజ్ ఒకటి. అక్కడ వాళ్లకి సొంత పాలక మండలి, సొంత కోర్టు, సొంత చట్టాలు ఉన్నాయి. 1837 నాటి ఒప్పందంలో రాసుకున్న వేట, చేపల హక్కులు ఇంకా చెల్లుతాయని మిల్ లాక్స్ బ్యాండ్ (బ్యాండ్ అంటే తెగలో సొంత పాలన ఉన్న ఒక శాఖ) కేసులో 1999లో సుప్రీంకోర్టే తేల్చింది. కాబట్టి జేబులో రాష్ట్రం ఫిషింగ్ లైసెన్స్ ఉంది కదా అని కనబడ్డ నీళ్లలో గాలం వేయకండి, ముందు వాళ్ల ఆఫీసులో అడగండి. డ్రోన్ అయితే అసలు పట్టుకెళ్లొద్దు. వాళ్లు చూడమని తెరిచిపెట్టినవి చాలానే ఉన్నాయి, అవి చూడండి. ఇళ్ల మధ్య వీధుల్లో కారు నెమ్మదిగా పోనిస్తూ ఫోటోలు తీయడం, సమాధుల దగ్గరికెళ్లడం మన వీధిలో ఎవరైనా చేస్తే మనకెలా ఉంటుంది?

ఒక్కరోజే వీలైతే మిల్ లాక్స్ సరస్సు ఒడ్డున ఉన్న ఇండియన్ మ్యూజియం చాలు, మినియాపోలిస్ నుంచి రెండు గంటల్లోపే. రెండు రోజులు తీయగలిగితే మాత్రం గ్రాండ్ పోర్టేజ్‌కే నా ఓటు. డులూత్ దాటాక హైవే 61 సుపీరియర్ సరస్సు ఒడ్డునే సాగుతుంది. డులూత్ నుంచే దాదాపు 150 మైళ్లు, అంటే మొత్తం ఐదు గంటలకు పైమాటే. పెద్దవాళ్లు ఉంటే దారిలో ఒక రాత్రి ఆగండి.

అక్కడి స్టేట్ పార్కు బ్యాండ్ నుంచి లీజుకు తీసుకున్న స్థలం, రాష్ట్రమూ బ్యాండూ కలిసి నడుపుతాయి. పార్కింగ్ నుంచి అరమైలు నడిస్తే హై ఫాల్స్. చాలావరకు చెక్కబాట, మోకాళ్ల నొప్పులున్న అమ్మ కూడా మెల్లగా వెళ్లి రాగలరు. పిజన్ నది 120 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. అడవి ఆకులు, వేళ్లు నానిన నీళ్లు కాబట్టి కాఫీ డికాషన్ రంగులో ఉంటుంది. అవతలి గట్టు కెనడా. ఈ జలపాతాల వల్లే ఇక్కడ పడవలు సాగేవి కావు. అందుకే సరస్సు నుంచి నది పైభాగానికి ఎనిమిదిన్నర మైళ్లు అడవిలో సరుకు మోసుకెళ్లేవాళ్లు. ఆ కాలిబాట ఓజిబ్వేలది, తర్వాత బొచ్చు వ్యాపారులు దాన్ని వాడుకున్నారు. కూలీలు ఒక్కొక్కరు 90 పౌండ్ల మూటలు రెండేసి, అంటే 80 కిలోల పైన, వీపున వేసుకుని నడిచేవారట! ఆ వ్యాపార కేంద్రాన్ని మళ్లీ కట్టి చూపించే నేషనల్ మాన్యుమెంట్ దగ్గర్లోనే ఉంది. దాని స్థలం 1958లో బ్యాండ్ ఇచ్చిందే.

సరస్సు అంచున, ఉత్త బండ మీద మెలికలు తిరిగి పెరిగిన సీడర్ చెట్టు ఒకటుంది. వాళ్లకి పవిత్రం. బ్యాండ్ మనిషి తోడు లేకుండా అక్కడికి వెళ్లడానికి లేదు. ఇన్‌స్టాలో ఫోటో చూసి దొంగదారి వెతకొద్దు.

ఇక కాగితాల టెన్షన్. పార్కు దాటగానే కెనడా బోర్డర్ పోస్టు. మలుపు మిస్సయితే నేరుగా అక్కడే తేలతారు. హెచ్-1బి అయినా, అమ్మానాన్నల విజిటర్ వీసా అయినా ఒరిజినల్ పాస్‌పోర్టులు, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ప్రింటు కార్లోనే ఉంచుకోండి. సరిహద్దు గస్తీవాళ్లు ఆ రోడ్డులో తిరుగుతుంటారు. ఫోను కెనడా టవర్ పట్టుకుంటే గడియారం గంట ముందుకు దూకుతుంది, రోమింగ్ బిల్లు వేరే. డులూత్‌లోనే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని, డేటా రోమింగ్ ఆపేయండి.

తారీఖులు మన చేతిలో ఉంటే ఆగస్టు రెండో వారాంతం పెట్టుకోండి. బొచ్చు వ్యాపార కాలాన్ని గుర్తుచేసే రాండెవూ డేస్ ఉత్సవం, పౌవౌ అప్పుడే. గదులు మాత్రం నెలల ముందే అయిపోతాయి. పౌవౌ అంటే డాన్స్ ప్రోగ్రామ్ కాదు, వాళ్ల సొంత వేడుక, మనల్ని కూడా రానిస్తారు. గ్రాండ్ ఎంట్రీకి, అంటే నాట్యం చేసేవాళ్లంతా వరసగా వలయంలోకి వచ్చేటప్పుడు, అందరూ లేచి నిలబడాలి, టోపీలు తీయాలి. మైకులో చెప్పినప్పుడు ఫోన్లు దించాలి. వాళ్లకి పవిత్రమైన గద్ద ఈక కింద పడితే నాట్యం ఆగుతుంది, అప్పుడు ఫోటో మహా తప్పు. వరసగా దుప్పటి పరిచిన కుర్చీలు ఎవరివో అయ్యుంటాయి, మన మడత కుర్చీలు మనం తెచ్చుకుంటే గొడవే లేదు. వాళ్ల దుస్తుల్ని కాస్ట్యూమ్ అనకండి, ముట్టుకోకండి. జింగిల్ డ్రెస్ వేసుకున్న ఆడవాళ్లు వచ్చినప్పుడు మాటలు ఆపి వినండి. పొగాకు పొడి డబ్బాల మూతలు చుట్టి కుట్టిన రేకు గొట్టాలు వందల కొద్దీ ఒక్కసారిగా మోగుతాయి. 1918 ఫ్లూ కాలంలో ఓజిబ్వేల్లో స్వస్థత కోసం పుట్టిన నాట్యం అది. "ఇంటర్‌ట్రైబల్" అని, అంటే అందరూ రావచ్చని, పిలిస్తే చీరలో ఉన్న అమ్మ కూడా వలయంలో దిగి నాలుగడుగులు వేయొచ్చు.

"మేమూ ఇండియన్సే, అసలైనవాళ్లం" అనే జోకు ఒకటి మనవాళ్లకి నోటి చివర ఉంటుంది. దాన్ని ఇంట్లోనే వదిలేయండి, వాళ్లు వెయ్యిసార్లు విన్నదే. ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే ఊరి పేరు చెప్పండి, మాట దానంతటదే సాగుతుంది. డబ్బులు కడితే వాళ్ల పూజలు, చెమట గుడిసెలు (వేడి ఆవిరిలో కూర్చుని చేసే క్రతువు) చేయిస్తామనే ప్రకటనలు ఎక్కడైనా కనబడితే దూరంగా ఉండండి.

శాకాహారులైతే ఫ్రై బ్రెడ్ ఏ కొవ్వులో వేయించారో అడిగి తినండి. వైల్డ్ రైస్ (ఇక్కడి సరస్సుల నీళ్లలో పెరిగే గడ్డి గింజ) సూప్‌లో తరచూ చికెన్ ఉంటుంది. పులిహోర డబ్బా కార్లో ఉంటే ధీమా.

తెచ్చుకోవలసింది మాత్రం ఆ వైల్డ్ రైసే. వాళ్లు మనోమిన్ అంటారు. ఆగస్టు చివర్లో, సెప్టెంబర్‌లో ఇద్దరు పడవెక్కి, ఒకరు గడ వేస్తుంటే ఇంకొకరు రెండు కర్రలతో కంకుల్ని పడవలోకి వంచి మెల్లగా తడతారు. నీళ్లలో రాలినవే మళ్లీ ఏటికి విత్తనం. సూపర్‌మార్కెట్లో నల్లగా నిగనిగలాడేది చాలావరకు మడుల్లో పండించింది. బ్యాండ్ వాళ్ల దగ్గర దొరికేది గోధుమ, బూడిద రంగులు కలిసి ఉంటుంది. ధర ఎక్కువ, ఇవ్వొచ్చు. కుక్కర్లో మూడు విజిల్స్ పెడితే ముద్దైపోతుంది. ఒకటికి మూడు నీళ్లు పోసి, సన్న సెగ మీద గింజ విచ్చుకునేదాకా ఉడికించండి, అరగంటలోపే అవుతుంది. నిమ్మకాయ పోపు దీనికి బాగా పడుతుంది, మా ఇంట్లో అలాగే చేస్తాం.