సందేహాలు – సమాధానాలు: అతుకుల బొంత అంటే తిట్టేనా?

సందేహం: నా చిన్నప్పటి గౌన్లు, మా అమ్మ కోకలు, నా బొమ్మలకి తొడిగిన గుడ్డముక్కలు అన్నీ అమ్మ ట్రంకుపెట్టెలో దాచింది. ఈమధ్య వాటన్నిటినీ కలిపి మనవరాలికి బొంత కుట్టాను. 'ఙ్ఞాపకాల అతుకుల బొంత పూర్తయింది, నా బొమ్మలందరూ ఇందులో పడుకున్నారు' అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మా మరిది వెంటనే రెండు తప్పులు పట్టాడు. అతుకుల బొంత అంటే తిట్టట, ప్యాచ్‌వర్క్ అనాలట. బొమ్మలు 'పడుకున్నాయి' అనాలట. ఏది సరి? – ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: మీ మరిదిగారు పేపరు బాగా చదువుతారనుకుంటాను. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే చాలు, మర్నాటి సంపాదకీయంలో అతుకుల బొంత ప్రత్యక్షం. పొంతన లేనివాటిని ఎలాగోలా కలిపారు, గట్టిగా లాగితే ఊడిపోతుంది అని ఎత్తిపొడుపు. అలా రాసేవాళ్లు బొంత కుట్టడం ఎప్పుడూ చూసి ఉండరని నా అనుమానం.

మా అమ్మమ్మ కుడుతుంటే నేను చూశాను. పాత కోక ఒకటి నేలమీద పరిచి, జారిపోకుండా నాలుగు మూలలా నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టేది. మధ్యలో దేనికీ పనికిరాని పేలికలన్నీ సర్ది, పైన ఇంకో కోక కప్పేది. ఇక అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి చుట్లు చుట్లుగా, వేలెడు జాగా కూడా వదలకుండా కుట్టుకుంటూ వచ్చేది. కొన్నేళ్లకి పైకోక ఎక్కడైనా చిరిగితే అక్కడ మరో ముక్క వేసేది. అదే అతుకు. దాన్నే మాసిక అని కూడా అంటాం. ముగ్గురు నలుగురు పిల్లలు పడుకుని లేచేసరికి అసలు కోక ఏదో, అతుకు ఏదో పోల్చలేం. అతుకులు ఎన్ని ఉంటే అన్నేళ్లు వాడినట్టు. అది లాగితే ఊడే రకం కాదు.

అతుకుకి రెండో అర్థమూ ఉంది, రెండు ముక్కలు కలిసే చోటు అని. మీరు కుట్టింది ఆ రకం. కాబట్టి మాట సరిగ్గానే పడింది. మరీ పట్టింపుంటే ముక్కల బొంత అనండి.

రకరకాలవి ఒకచోట చేర్చడమే నేరమైతే మిగతావాటినీ తిట్టాలి కదా! పూలు కలిపి కడితే కదంబం, దాని పేరు రేడియో కార్యక్రమానికి కూడా పెట్టుకుంటాం. ఆకుకూరలు కలిస్తే కలగూరగంప, మర్యాద కాస్త తగ్గింది. పేలికలు కలిస్తే మాత్రం తిట్టు. మాటలో లేని చిన్నచూపు మన దగ్గర ఉంది. బొంతని సంస్కృతంలో కంథ అంటారు, బెంగాలీవాళ్ల కాంథా కుట్టు పేరూ ఆ మాటే. షాపులో కాంథా చీర అనగానే వేలు పోసి కొంటాం, ఇంట్లో బొంత అంటే మోటు. బ్రౌన్ దొర 1852లో అచ్చు వేయించిన నిఘంటువులో కూడా చోటు దొరికిన మాటకి మీ ఫ్యామిలీ గ్రూపులో దొరకదా? (ప్యాచ్‌వర్క్ అన్నా నాకు అభ్యంతరం లేదు. కానీ విశాఖ ఉక్కపోతలో మనం పరుచుకునేది బొంతే. కప్పుకోవాలనుంటే ఏ లంబసింగికో వెళ్లాలి.)

ఇక బొమ్మలు. ఇక్కడ మీ మరిదిగారి వైపు వ్యాకరణం ఉంది. మనుషులైతే అందరూ, పడుకున్నారు. తక్కినవైతే అన్నీ, పడుకున్నాయి. అయితే తెలుగులో ఒక తమాషా ఉంది. 'పాప పడుకుంది, బొమ్మ పడుకుంది' అంటాం. ఏకవచనంలో ఆడపిల్లకీ బొమ్మకీ క్రియ ఒక్కటే. మీకు ఒక్క బొమ్మే ఉండుంటే ఈ గొడవే వచ్చేది కాదు. బహువచనంలోకి రాగానే పాప మనుషుల్లోకి వెళ్లిపోతుంది, బొమ్మ వస్తువుల్లో మిగిలిపోతుంది.

మగబొమ్మ అయితే ఒక్కటున్నా చిక్కే. మా చెల్లెలి దగ్గర ఏటికొప్పాక రాజూ రాణీ ఉండేవారు. (చూశారా, నాకూ 'ఉండేవి' రాలేదు.) అప్పట్లో ఆ ఊరు మన జిల్లాయే, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుండగా లక్క ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. మా రాజుకి ముక్కు దగ్గర లక్క అరిగిపోయి తెల్లకర్ర కనపడేది. ఒకసారి గూట్లోంచి దొర్లితే అమ్మ, "ఆ బొమ్మ పడింది, తియ్యవే" అంది. చెల్లెలు కదల్లేదు. "బొమ్మ కాదు, రాజు. పడ్డాడు" అంది. దానికప్పుడు ఐదేళ్లు. రాజులాంటి మగవాళ్ల పేర్లు మహత్తు, బొమ్మలాంటివి అమహత్తు అని వ్యాకరణం పెట్టిన మాటలు నేను కాలేజీలో నేర్చుకున్నాను.

పెద్దవాళ్లమూ తక్కువ తినలేదు. సంక్రాంతి బొమ్మల కొలువులో 'పైమెట్టు మీద సీతారాములు ఉన్నారు, కిందిమెట్టు మీద బొమ్మలు ఉన్నాయి' అంటాం. రెండూ మట్టే. పేరు పెట్టి పిలిస్తే ఉన్నారు, బొమ్మ అని లెక్కపెడితే ఉన్నాయి. మీ బొమ్మలకి పేర్లుండే ఉంటాయి. 'మా లచ్చీ, బుజ్జీ పడుకున్నారు' అని రాసుంటే మీ మరిదిగారు కూడా నోరెత్తేవారు కాదు.

పత్రికకో పుస్తకానికో పంపితే 'బొమ్మలన్నీ పడుకున్నాయి' అనే రాయండి. ఇంట్లోవాళ్లకి పంపింది మాత్రం దిద్దకండి, అలాగే ఉండనివ్వండి. దిద్దవలసింది ఒకటుంది, అది మీ మరిదిగారి కంట పడలేదు. ఙ్ఞాపకం కాదు, జ్ఞాపకం. 'జ' కింద 'ఞ' వత్తు.